డబ్బా ఖాళీ కాకూడదు: మాత్రలు దాచుకున్న ఒక పెద్దావిడ కేసు

ఈ కేసును రాయడానికి రోగి, ఆమె కుమారుడు ఇద్దరూ అనుమతి ఇచ్చారు. మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలను తీసేశాను, కొన్నింటిని మార్చాను. నేను హైదరాబాద్‌లో జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తున్నాను. మధుమేహం నా దగ్గరికి రోజూ వచ్చే జబ్బే కాబట్టి, వైద్యపరంగా ఇందులో అరుదైనదేమీ లేదు. పద్నాలుగు నెలల పాటు నేను మోతాదు పెంచిన ప్రతిసారీ నా లెక్క కాగితం మీద సరిగ్గానే ఉంది, రోగి ఇంట్లో మాత్రం తప్పింది. ఆ తప్పు ఆమె ప్రాణం మీదికి తెచ్చింది కాబట్టే రాస్తున్నాను.

నేపథ్యం

పెద్దావిడ వయసు 77 ఏళ్లు. అనంతపురం వైపు మెట్ట పల్లెలో పుట్టి, అక్కడే కాపురం చేసి, భర్త పోయాక 2016లో కొడుకు దగ్గరికి వచ్చారు. ఇంట్లో కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు, ఆమె, మొత్తం ఐదుగురు. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగస్తులు కావడంతో రాత్రి వంట ఆమెదే. చదువుకోలేదు గాని, కూరగాయల లెక్క నోటితోనే పైసాతో సహా చెప్పగలరు.

ఆమె చిన్ననాటి సంగతులు మొదటి ఏడాది నా కేస్ షీటులో ఒక్క ముక్క కూడా లేవు. తర్వాత తెలిసినవాటిని చదివేవారి సౌలభ్యం కోసం ఇక్కడే చెబుతున్నాను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ప్రాంతం అది. 1952లో రాయలసీమ కరువు నాటికి ఆమెకు ఆరేడేళ్లు. అప్పటికి ఆ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. గంజి కేంద్రం ముందు చెంబు పట్టుకుని వరుసలో నిలబడటం, తన వంతు వచ్చేసరికి గంజి అయిపోవడం ఆమెకు స్పష్టంగా గుర్తున్నాయి. పెళ్లయి పిల్లలు పుట్టాక 1965, 1966 వరుస అనావృష్టి వచ్చింది. అమెరికా నుంచి పీఎల్ 480 అనే ఆహార సాయం చట్టం కింద ఓడల్లో గోధుమలు వచ్చిన రోజులవి. సంగటి, కొర్రకూడు తినే పల్లెకు గోధుమను ఏం చేసుకోవాలో తెలియలేదని, ఉడకబెట్టి తిన్నామని ఆమె చెప్పారు. వరి అన్నం పండగకు వండేది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చాకే ఆ ఇంట్లో వరి రోజూ ఉడికింది. అప్పటికి ఆమెకు నలభై దగ్గర పడుతున్నాయి. ఈ చివరి సంగతి ఎంత ముఖ్యమో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

వచ్చిన సమస్య

2021 చివర్లో నా దగ్గరికి వచ్చేసరికి ఆమెకు మూడేళ్లుగా మధుమేహం, అంతకంటే ముందు నుంచి రక్తపోటు ఉన్నాయి. బరువు 46 కిలోలు. పరగడుపున చక్కెర 212, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.8 శాతం. అప్పటికి వాడుతున్నది మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగాను. వేసుకుంటున్నానన్నారు. నెలనెలా కొంటున్నామని కొడుకు మందుల షాపు బిల్లులు చూపించారు. బిల్లులు క్రమంగా ఉన్నాయి కాబట్టి మందు ఒంట్లోకి పోతోందని, అయినా చక్కెర దిగడం లేదంటే మోతాదు చాలడం లేదని నేను అనుకున్నాను. మెట్‌ఫార్మిన్‌ను 1000 మిల్లీగ్రాముల నెమ్మదిగా కరిగే రకానికి మార్చి రెండు పూటలా రాశాను. ఐదో నెలలో గ్లిమెపిరైడ్ అనే మరో చక్కెర మాత్ర 1 మిల్లీగ్రాము చేర్చాను, ఎనిమిదో నెలలో 2, పదకొండో నెలలో 4 చేశాను. హెచ్‌బీఏ1సీ 9.8 నుంచి 9.4కు దిగి, మళ్లీ 9.6కు పోయింది.

2022 డిసెంబరులో ఆమె పది రోజుల కోసం కూతురింటికి వెళ్లారు. మందుల విషయంలో కూతురు చాలా ఖచ్చితం. చీటీ ముందు పెట్టుకుని, ప్రతి మాత్రనూ తన చేత్తో ఇచ్చి, నీళ్లు తాగేదాకా పక్కనే నిలబడ్డారు. నాలుగో రోజు తెల్లవారుజామున తల్లి చెమటతో తడిసిపోయి, పొంతన లేని మాటలు మాట్లాడుతూ కనిపించారు. ఆసుపత్రికి చేర్చేసరికి చక్కెర 41. గ్లూకోజు ఎక్కించగానే తేరుకున్నారు గాని, గ్లిమెపిరైడ్ లాంటి మందుల వల్ల పడిపోయిన చక్కెర కాసేపటికి మళ్లీ పడిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఒకటిన్నర రోజు ఉంచుకుని పంపారు.

ఆ కాగితాలతో నా దగ్గరికి వచ్చినప్పుడు నాకు ఎదురైన చిక్కు ఇది. ఏ మోతాదుకైతే కొడుకింట్లో చక్కెర 200 దిగలేదో, అదే మోతాదుకు కూతురింట్లో 41కి పడింది. కారణం మూత్రపిండాలు కావచ్చు, తిండి కావచ్చు, మందే కావచ్చు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1. ఆ వయసుకు, ఆ బరువుకు మూత్రపిండాల పని కొంత తగ్గిందనే అర్థం, కానీ ఆరు నెలల కిందటా అంతే ఉంది. తిండిలో తేడా ఉంది. కూతురు రాత్రి రెండు పుల్కాలు మాత్రమే పెట్టారు. అయితే నాలుగు రోజుల పుల్కాలతోనే 9.6 శాతం ఉన్న మనిషి 41కి రావడం కష్టం. ఇక మిగిలింది ఒక్కటే. కొడుకింట్లో ఆ మాత్రలు ఆమె మింగలేదు. కొన్న మందు మింగిన మందు కాదన్న చిన్న విషయాన్ని పద్నాలుగు నెలలు నేను పట్టించుకోలేదు.

ఇంటికి వెళ్లి చూసినది

సాధారణంగా నేను రోగుల ఇళ్లకు వెళ్లను. ఈసారి వెళ్లాను, ఎందుకంటే క్లినిక్‌లో ఎన్నిసార్లు అడిగినా "వేసుకుంటాండా తల్లీ" అన్న మాటే వచ్చేది. అది అబద్ధం కూడా కాదు. ఆమె నిజంగానే వేసుకుంటున్నారు, తన లెక్క ప్రకారం.

ఆమె గది చాలా శుభ్రంగా ఉంది. పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి, మడిచి, దారంతో కట్టి ఉన్నాయి. అరిగిపోయిన సబ్బు ముక్క కొత్త సబ్బుకు అతికించి ఉంది. బాల్కనీలో, ఇరవై నాలుగు గంటలూ నీళ్లొచ్చే ఆ ఫ్లాటులో, మూతలు పెట్టిన మూడు బిందెల నీళ్లు ఉన్నాయి. మాత్రలు ఎక్కడ పెట్టుకుంటారో చూపించమంటే, దాపరికం ఏమీ లేకుండా మంచం కింద నుంచి పాత డాల్డా డబ్బా తీసి నా ముందు పెట్టారు. అందులో 436 మాత్రలు ఉన్నాయి. మెట్‌ఫార్మిన్ 291, గ్లిమెపిరైడ్ 97. గ్లిమెపిరైడ్‌లో 1, 2, 4 మిల్లీగ్రాముల మాత్రలు మూడూ కలిసిపోయాయి. మిగతా 48లో కొన్ని ఆరేళ్ల కిందట పోయిన భర్తవి, కొన్ని ఏవో గుర్తించలేనివి. స్ట్రిప్పులను డబ్బాలో పట్టేలా కత్తిరించడంతో తారీఖు అచ్చువేసిన అంచులు పోయాయి. ఏది ఎప్పటిదో ఎవరూ చెప్పలేరు.

మెట్‌ఫార్మిన్‌ను ఆమె అడకత్తెరతో రెండు ముక్కలు చేసి, ఉదయం సగం, రాత్రి సగం వేసుకునేవారు. నెమ్మదిగా కరిగే మాత్రను అలా ముక్కలు చేస్తే ఆ గుణమే దెబ్బతినవచ్చు. గ్లిమెపిరైడ్‌ను రోజు విడిచి రోజు వేసుకునేవారు, ఒంట్లో బాగుందనిపిస్తే అదీ మానేసేవారు. ఎందుకని అడిగాను.

"సగంతో పని జరుగుతాంటే నిండుది ఎందుకు మింగల్ల తల్లీ? రేపు దొరక్కపోతే ఎవురిస్తారు?"

ఆ మాట విన్నాక నా ముందు మూడు అనుమానాలు నిలిచాయి. మొదటిది మతిమరుపు. అక్షరజ్ఞానంతో పని లేని పరీక్ష చేశాను. జ్ఞాపకశక్తి, లెక్క, తారీఖుల ఎరుక అన్నీ బాగున్నాయి. రెండోది, దేన్నీ పారేయలేక ఇల్లంతా నింపుకునే మానసిక సమస్య. అందులో వస్తువులు పేరుకుపోయి గదులు వాడుకోవడానికి పనికిరాకుండా పోతాయి. ఇక్కడ ప్రతి వస్తువుకూ ఒక చోటు, ఒక పని ఉన్నాయి. కరెంటు పోయినా చీకట్లో చెయ్యి పెట్టి కావలసింది తీయగలరు. ఆ పేరు పెట్టడానికి ఆధారం లేదనుకున్నాను, పెట్టనందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను. మూడోది మందు పడకపోవడం. మెట్‌ఫార్మిన్‌తో కడుపులో వికారం, విరేచనాలు రావడం మామూలే, చాలామంది చెప్పకుండా మానేసేది అందుకే. ఆమెకు అదేమీ లేదు. అంటే ఇది జబ్బు కాదు, ఒక కాలంలో ప్రాణాలు నిలిపిన జాగ్రత్తే. తిండిగింజల మీద పనిచేసిన ఆ జాగ్రత్త ఇప్పుడు మాత్రల మీద పనిచేస్తోంది.

తిండి సంగతి కూడా అక్కడే బయటపడింది. అందరూ తిన్నాక ఆఖర్న మిగిలింది తినడం ఆమె అలవాటు. కొలతకు పావుసేరు గిన్నె ఒకటి ఉంది. ఐదుగురికి సరిపడా కొలిచాక, ఎవరైనా వస్తే అని ఇంకొకరి కోసం కూడా పోస్తారు. ఆ ఎవరో రారు. పైగా వారంలో రెండు మూడు రాత్రులు పిల్లలు బయటినుంచి తెప్పించుకుంటారు. ఆ రాత్రి మిగిలిన అన్నమంతా ఆమె కంచంలోకే చేరుతుంది, పారేస్తే పాపం కాబట్టి. చుట్టాలు వచ్చిన రాత్రి ఏమీ మిగలదు, మజ్జిగ తాగి పడుకుంటారు. గ్లిమెపిరైడ్ తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను ఊరించే మందు. అన్నం లేని రాత్రికి ఆ మాత్ర నిండుగా పడి ఉంటే ఏం జరిగేదో ఊహించుకుని నేను భయపడ్డాను. మాత్రలను సగం చేసుకున్న ఆమె అలవాటే అన్ని నెలలు ఆమెను నా మోతాదు నుంచి కాపాడిందని చెప్పాలి.

ఆ రోజే గ్లిమెపిరైడ్‌ను పూర్తిగా ఆపేశాను. ఈ నిర్ణయానికి పెద్ద ఆలోచన అవసరం లేదు. తిండి వేళా కొలతా నిలకడగా లేని 77 ఏళ్ల మనిషికి చక్కెర కొంచెం ఎక్కువగా ఉండటం కంటే ఒక్కసారి పడిపోవడం ప్రమాదకరం. లక్ష్యాన్ని కూడా 7 శాతం నుంచి 8కి సడలించాను. మెట్‌ఫార్మిన్‌ను తిరిగి 500 మామూలు రకానికి, రెండు పూటలకు తెచ్చాను. ఒంటరిగా వాడితే చక్కెరను మరీ కిందికి పడేయని సిటాగ్లిప్టిన్ 50 మిల్లీగ్రాములు ఉదయం పూట చేర్చాను. 2022 జూలైలో దాని పేటెంటు ముగియడంతో ధర బాగా తగ్గింది. మాత్ర ధర ఎంతని ఆమె అడిగే మొదటి ప్రశ్న కాబట్టి ఇది చిన్న విషయం కాదు. రక్తపోటుకు ఆమ్లోడిపైన్ 5 మిల్లీగ్రాములు అలాగే కొనసాగింది.

చేసి చూసినవి, పనిచేయనివి

మందులు మార్చినంత మాత్రాన అవి కడుపులోకి చేరవు. మొదట నేను చేసింది బోధన. నిండు మాత్ర ఎందుకో, సగం ఎందుకు చాలదో బొమ్మలు గీసి అరగంట చెప్పాను. ఆమె చేతులు కట్టుకుని శ్రద్ధగా విని, "సరే తల్లీ" అన్నారు. డాక్టరు చెప్పినప్పుడు వినడం మర్యాద. ఆ మర్యాదను అంగీకారమనుకున్నాను.

తర్వాత వారానికి ఏడు గదులున్న మాత్రల పెట్టె. కొడుకు ఆదివారం నింపేవారు, వచ్చే ఆదివారానికి పెట్టె ఖాళీగా ఉండేది. ఆయన సంతోషపడ్డారు, నేనూ నమ్మాను. ఆరు వారాల తర్వాత పరగడుపు చక్కెర 190 దగ్గరే నిలిచి ఉంది. పెట్టె ఖాళీ అయిన మాట నిజమే. మాత్రలు పెట్టెలోంచి డబ్బాలోకి పోయాయి.

మూడోది నా నోటి వెంట వచ్చిన తప్పు. ఆ డబ్బాలో ఉన్నవన్నీ ప్రమాదకరమని, తీసేయాలని కొడుకు వినేలా అన్నాను. ఆ సాయంత్రమే ఆయన డబ్బాతో సహా తీసుకెళ్లి చెత్తలో వేశారు. తల్లి మీద ప్రేమతోనే చేశారు, ఆయన్ని నేను తప్పు పట్టను. డబ్బా లేదని తెలిశాక పెద్దావిడ ఎవరినీ ఏమీ అనలేదు. మాట్లాడటం తగ్గించారు, రాత్రి తినడం మానేశారు. ఐదు వారాల్లో బరువు 46 నుంచి 44కు పడింది, రక్తపోటు 178/96కు పెరిగింది. బియ్యం డ్రమ్ములో అడుగున, గుడ్డలో కట్టిన కొత్త మాత్రల మూట కోడలికి దొరికింది. దాచే అలవాటు పోలేదు, చూపించే అలవాటు పోయింది. మొదటిరోజు దాపరికం లేకుండా డబ్బాను నా ముందు పెట్టిన మనిషి ఇప్పుడు దాచుకోవలసి రావడం ఈ కేసులో నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించిన విషయం.

నాలుగోది చిరుధాన్యాలు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఎక్కడ చూసినా కొర్రలు, సామలు, రాగుల మాటే. పోషకాహార నిపుణురాలు ఒకరు రాత్రి అన్నం బదులు కొర్రన్నం లేదా రాగిసంగటి రాసిచ్చారు. చిన్నప్పటి తిండే కాబట్టి ఇష్టంగా తింటారని నేనూ అనుకున్నాను. ఆమె ఆ కాగితాన్ని మడిచి నాకే ఇచ్చేశారు. "వరి బువ్వ తినేదానికే గదా ఇన్నేండ్లు కష్టపడింది. మళ్లా కొర్రకూడా?" అన్నారు. పండగనాడు మాత్రమే దొరికిన వరి అన్నం నలభై ఏళ్ల వయసులో రోజూ దొరికింది. దాన్ని తగ్గించమనడం ఆమెకు ఆహార నియమంలా వినిపించలేదు, వెనక్కి పొమ్మన్నట్టు వినిపించింది. కొర్రల మీద ఆధునికుల ఇష్టాన్ని, కొర్రలు తప్ప గతిలేని రోజులను చూసిన మనిషి అయిష్టంతో కలిపి తూచకూడదని ఆ రోజు తెలుసుకున్నాను.

పనిచేసినవి

ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లాను. ఈసారి మందుల గురించి మాట్లాడలేదు. ఊళ్లో గింజలు ఎలా దాచేవారని అడిగాను. ఆమె ముఖం మారిపోయింది. జొన్నలు పాతరలో ఎలా పోసేవారో, అడుగున, గోడలకు గడ్డి ఎలా పరిచేవారో, పాతర తెరిచిన వెంటనే లోపలికి దిగకూడదని, గాలి ఆడనిచ్చి దిగాలని, వేపాకు ఎందుకు వేసేవారో గంటసేపు చెప్పారు. పాతవి, కొత్తవి ఎలా వాడేవారని అడిగితే, అదేం ప్రశ్న అన్నట్టు చూసి, "పాతవి ముందు తినల్ల, కొత్తవి పొయ్యల్ల. లేకుంటే పురుగు పడదా?" అన్నారు. మాత్రలకూ పురుగు పడే తారీఖు ఉంటుందని, స్ట్రిప్పు అంచు మీద అచ్చేసేది అదేనని అప్పుడు చెప్పాను. అంచు కత్తిరిస్తే ఏ గింజ ఏ పంటదో తెలియనట్టేనని ఆమే అన్నారు. బోధనతో ఇన్ని నెలల్లో జరగనిది ఆ ఒక్క మాటతో జరిగింది, ఎందుకంటే ఆ జ్ఞానం ఆమెదే.

అదే సందర్భంలో కోడలు ఒక సంగతి చెప్పారు. 2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్ పెట్టినప్పుడు, పక్క ఫ్లాటులోని ఒంటరి ముసలావిడకు రక్తపోటు మాత్రలు అయిపోతే, సరిగ్గా అవే మాత్రలు వాడుతున్న ఈమె తన డబ్బాలోంచి ఇరవై రోజులకు సరిపడా ఇచ్చారట. ఒకరి మందు మరొకరికి ఇవ్వడాన్ని నేను సమర్థించలేను. అయితే రేపు దొరక్కపోతే అన్న ఆమె భయం 1952లో ఆగిపోయిన భయం కాదని, మూడేళ్ల కిందట ఆ అపార్ట్‌మెంటులోనే నిజమైందని నేను ఒప్పుకోక తప్పలేదు. ఆ భయాన్ని పోగొట్టాలన్న ఆలోచనను అప్పుడే వదిలేశాను. దానికి సరైన చోటు ఇవ్వాలనుకున్నాను.

ఏర్పాటు ఇలా కుదిరింది. ముప్పై రోజులకు సరిపడా మాత్రలు, కత్తిరించని నిండు స్ట్రిప్పుల్లో, ఎప్పుడూ ఆమె దగ్గర నిల్వ ఉంటాయి. డబ్బా ఆమెదే, తాళం ఆమెదే. ప్లాస్టిక్ డబ్బా తెస్తే వద్దని, స్టీలుది కావాలన్నారు. నెల మొదట్లో కొత్త మాత్రలు రాగానే అవి డబ్బాలోకి పోతాయి, డబ్బాలో ఉన్న పాతవి వాడకంలోకి వస్తాయి. కిటుకంతా ఇక్కడే ఉంది. ఇంతకుముందు మాత్ర మింగిన ప్రతిసారీ ఆమె నిల్వ ఒకటి తగ్గేది, అందుకే చెయ్యి వెనక్కి పోయేది. ఇప్పుడు మింగినా డబ్బా నిండుగానే ఉంటుంది. పైగా పాతవి మింగకపోతే కొత్తవి పొయ్యడానికి చోటుండదు. దాచడం, వేసుకోవడం ఒకదానికొకటి అడ్డుపడకుండా ఒకే పనిగా మారాయి.

సగం మాత్రల సంగతి ఆమె కళ్ల ముందే తేల్చాం. గ్లూకోమీటరుతో ఐదు రోజులు సగం సగం వేసుకుని, తర్వాత ఐదు రోజులు నిండుగా వేసుకుని, పరగడుపు చక్కెర చూశాం. గ్లిమెపిరైడ్ లేదు కాబట్టి ఈ పరీక్షలో ప్రమాదం లేదని నిర్ధారించుకున్నాకే చేశాను. అంకెలు మనవరాలు చదివి చెప్పింది. ఐదు రోజుల తేడా పెద్దదేమీ కాదు, కానీ ప్రతిరోజూ ఒకే దిక్కుకు దిగింది. అడకత్తెర తిరిగి వక్కల దగ్గరికి చేరింది.

అన్నం విషయంలో పరిష్కారం ఆమెనుంచే వచ్చింది. వచ్చే మనిషి కోసం పోసే ఆ అదనపు కొలతను మానేయమని నేను అడగలేదు. వండకుండా ఉంచగలరా అని అడిగాను. కాసేపు ఆలోచించి, వాళ్లమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసేదని చెప్పారు. ఆ పిడికెడు బియ్యం అలవాటు ఆ ఇంట్లో మళ్లీ మొదలైంది. ఎవరైనా వస్తే అప్పుడు వండటానికి గింజ ఉంది, రాకపోతే గింజగానే ఉంటుంది, రాత్రి పదింటికి ఆమె కంచంలో అన్నమై మిగలదు. నెలాఖరుకు కుండ నిండితే ఎవరికి ఇవ్వాలో ఆమే నిర్ణయిస్తారు. బయటినుంచి తెప్పించుకునే రోజున సాయంత్రం ఐదింటికల్లా ఫోన్ చేసి చెప్పే బాధ్యత కొడుకుది. వరి అన్నం ఆమె కంచంలో ఉంది, కొలత మాత్రం నిలకడగా ఉంది. అందరితో కలిసి కూర్చుని తినమని కూడా అడిగాం. దానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు.

పాల ప్యాకెట్లను, సబ్బు ముక్కను, రెండోసారి మరిగే టీపొడిని మేం ముట్టుకోలేదు. ఒంటికి హాని లేని అలవాటును మార్చే అధికారం వైద్యుడికి లేదు. బిందెల నీళ్ల దగ్గర ఒక్కటే అడిగాను. డెంగీ దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం పదిరోజులు చాలు కాబట్టి, ప్రతి శుక్రవారం బిందెలు వంచి, తోమి, ఆరబెట్టి మళ్లీ పట్టుకోమన్నాను. శుక్రవారం ఎలాగూ కడిగే రోజేనన్నారు.

మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 8.4, ఆరు నెలలకు 7.7. చక్కెర పడిపోవడం మళ్లీ జరగలేదు. బరువు 46కు వచ్చింది, రక్తపోటు 138/82.

నేర్చుకున్నవి

మోతాదు పెంచే ముందు ఇప్పుడు నేను ఒక మాట తప్పకుండా అడుగుతున్నాను. వేసుకుంటున్నారా అని కాదు, ఇంట్లో ఎన్ని మిగిలాయి అని. మొదటి ప్రశ్న మనిషి నిజాయితీని అడిగినట్టుంటుంది, అవునని తప్ప జవాబు రాదు. రెండోదానికి జాగ్రత్తపరులు గర్వంగా జవాబిస్తారు. వచ్చేటప్పుడు డబ్బాలో ఉన్నదంతా సంచిలో వేసుకుని తెమ్మంటున్నాను. డెబ్బై దాటినవాళ్లలో చాలామంది దగ్గర పోయిన మనిషి మందులు కూడా ఉంటున్నాయి.

కొత్తగా కొడుకు, కూతురు, ఆసుపత్రి, ఎవరి చేతిలోకైనా మందుల బాధ్యత మారుతున్నప్పుడు మోతాదును ముందుగా తగ్గించి ఇవ్వడం కూడా అలవాటు చేసుకున్నాను. కాగితం మీది మోతాదు అంతవరకూ ఒంట్లోకి పోయిందో లేదో తెలియకుండా దాన్ని ఒక్కసారిగా అమలుచేస్తే, కూతురింట్లో జరిగింది మళ్లీ జరుగుతుంది. ఆ ఇంట్లో తప్పు చేసింది ఎవరూ లేరు. అందరూ చెప్పింది చెప్పినట్టు చేశారు.

ఇంకో ప్రశ్న, ఇంట్లో ఆఖర్న ఎవరు తింటారని. మధుమేహం ఉన్న ఆడవాళ్ల విషయంలో ఈ ప్రశ్నకు వచ్చే జవాబు, ఆహారపు పట్టిక చెప్పేదానికంటే ఎక్కువ చెబుతోంది. మగ రోగుల్లో ఇది నాకు దాదాపు ఎప్పుడూ ఎదురుకాలేదు.

కరువు చూసిన తరం దగ్గర పొదుపు గురించి మాట్లాడేటప్పుడు దానిని చాదస్తం అనడం మానేశాను. కుటుంబసభ్యులు ఆ మాట అంటే నెమ్మదిగా ఆపుతున్నాను. డబ్బాను చెత్తలో పడేసిన రోజున ఆమె పోగొట్టుకున్నది మాత్రలను కాదు, రేపటి మీద తన చేతిలో ఉన్న కాస్త పట్టును. ఆ పట్టు తిరిగి ఇచ్చాకే మిగతావన్నీ కుదిరాయి.

తేలని విషయం ఒకటుంది. 2024 వేసవిలో ఆమె నెల రోజులు ఊరికి వెళ్లారు, స్టీలు డబ్బాతో సహా. తిరిగి వచ్చాక లెక్క చూస్తే మెట్‌ఫార్మిన్, సిటాగ్లిప్టిన్ సరిగ్గా ఉన్నాయి. ఆమ్లోడిపైన్ నాలుగు తక్కువ. పక్కింటావిడకు మాత్రలు అయిపోయాయని, పట్నం బస్సు నాలుగు రోజులకు గాని కుదరదని, అవే మాత్రలో కాదో స్ట్రిప్పు చూసి మరీ ఇచ్చానని చెప్పారు. పేరు సరిచూసినందుకు మెచ్చుకోవాలో, ఇచ్చినందుకు మందలించాలో తెలియక, ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త ఫోన్ నంబరు కనుక్కుని ఆమెకు ఇచ్చాను. ఆమె దాన్ని డబ్బా మూత లోపల అతికించారు. నిల్వను ముప్పై రోజుల నుంచి నలభైకి పెంచమని అడిగారు, పెంచాను.